తిరుగుడు రోగం నుంచి సీన్యూరస్ దాకా: ఒక మేక మెదడులోని తిత్తి, దాని పేర్లు

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక గ్రామం నుంచి పది నెలల వయసున్న ఆడ నాటు మేకను కార్తీక మాసం చివర్లో మా పశువైద్యశాలకు తీసుకొచ్చారు. బరువు 18 కిలోలు. అది అరవై దాకా మేకలూ గొర్రెలూ కలిసి మేసే మందలోది. సుమారు మూడు వారాలుగా మందతో కలవడం లేదనీ, మేతకు తోలితే వెనకబడి ఒకే పక్కకు తిరుగుతోందనీ, నీళ్ల తొట్టి దగ్గర తలను గోడకు ఆనించి నిలబడిపోతోందనీ కాపరి చెప్పాడు. “గిర్రున తిరుగుతాంది సారూ, గాలి సోకినట్టున్నది” అన్నది ఆయన మాట. అప్పటికే ఊళ్లో దానికి కొన్ని రోజులు ఆక్సీటెట్రాసైక్లిన్, తర్వాత థయామిన్, చివరగా ఒక ఐవర్‌మెక్టిన్ సూది వేశారు. ఫలితం లేదు. వెంట తెచ్చిన చీటీ మీద రోగం పేరు “గిడ్” అని రాసి ఉంది. బద్దెపురుగు లార్వా మెదడులో నీటితిత్తిగా పెరగడం వల్ల వచ్చే తిరుగుడు రోగానికి ఇంగ్లీషు పేరు అది; ఆ తిత్తి శాస్త్రీయ నామం సీన్యూరస్.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి ఆ చీటీయే కారణం. అందులోని పేరుకూ, ఇచ్చిన మందులకూ పొంతన లేదు. ఆక్సీటెట్రాసైక్లిన్ మెదడుకు సోకే బ్యాక్టీరియా జబ్బు లిస్టీరియోసిస్‌కు వాడే మందు. థయామిన్ ఆ విటమిన్ లోపంతో మెదడు పైపొర మెత్తబడే జబ్బుకు వాడేది. ఐవర్‌మెక్టిన్ ముక్కు రంధ్రాల్లో చేరే ఈగ పురుగులకు పనికొస్తుంది. గిడ్‌ను కలిగించే బద్దెపురుగు లార్వా మీద ఈ మూడింటిలో ఏదీ పనిచేయదు. అంటే రాసిన వ్యక్తి ఆ మాటను ఒక నిర్దిష్టమైన రోగానికి పేరుగా కాక, తిరగడం అనే లక్షణానికి పేరుగా వాడాడన్నమాట. ఇది ఒక్కరి అలవాటు కూడా కాదు. తిరిగే జీవం కనిపిస్తే కేస్‌షీటులో “గిడ్” అని రాసి, తిరుగుడుకు దారితీసే జబ్బులన్నింటికీ వరసగా మందులు వేసుకుంటూ పోవడం క్షేత్రస్థాయిలో తరచూ చూస్తుంటాం. ఈ తికమకకు కొంత బాధ్యత ఆ మాట పుట్టుకలోనే ఉందని నా అభిప్రాయం.

లక్షణం పేరుగా పుట్టిన మాట

గిడ్ అన్నది ఇంగ్లీషులో తల తిరగడాన్ని చెప్పే ‘గిడ్డీ’ అనే విశేషణం నుంచి కుదించి తీసుకున్న నామవాచకం. ఆ విశేషణానికి మూలమైన ప్రాచీన ఇంగ్లీషు మాట ‘గిడిగ్’కు మతి తప్పినవాడు, ఇంకా వెనక్కి వెళితే దేవుడో భూతమో ఆవహించినవాడు అని అర్థం. అదే రోగానికి బ్రిటన్ కాపరుల్లో ‘స్టర్డీ’ అనే మరో పేరు ఉంది. దృఢమైనది అన్న నేటి అర్థంతో చూస్తే అది వింతగా ఉంటుంది గానీ, దాని మూలమైన పాత ఫ్రెంచి మాట ‘ఎస్తుర్ది’కి దిమ్మెరపోయినది అని అర్థం. ఫ్రెంచివారు ఈ రోగాన్ని ‘తూర్నీ’ అంటారు, జర్మన్లు ‘డ్రేక్రాంక్‌హైట్’ అంటారు. రెండింట్లోనూ ఉన్నది తిరగడమే. మా కాపరి చెప్పిన ‘గిర్రున తిరగడం’, ‘గాలి సోకడం’ అన్న రెండు మాటల్లో మొదటిది ఫ్రెంచి, జర్మన్ పేర్ల పక్కనా, రెండోది ప్రాచీన ఇంగ్లీషు మాట పక్కనా చక్కగా అమరుతాయి. జీవాలను కాచిన ప్రతిచోటా మనుషులు బయటికి కనిపించినదానికి పేరు పెట్టారు. తల లోపల ఉన్నది వారికి కనిపించేది కాదు.

అయితే లోపలికి చూసినవారు కూడా చాలా ముందే ఉన్నారు. హిపోక్రాటిస్ పేరిట మనకు దక్కిన, మూర్ఛరోగాన్ని చర్చించే ప్రాచీన గ్రీకు రచనలో ఒక ఆశ్చర్యకరమైన భాగం ఉంది. ఈ రోగం మేకల్లో ఎక్కువగా వస్తుందనీ, అలాంటి మేక తలను కోసి చూస్తే మెదడు చెమ్మగిల్లి, నీటితో నిండి, దుర్వాసన వేస్తూ ఉంటుందనీ, దాన్నిబట్టి శరీరాన్ని పాడుచేస్తున్నది దేవుడు కాదు, రోగమేనని తెలుసుకోవచ్చనీ అందులో రాశారు. ఆ మేకల మెదడులో ఉన్నది బద్దెపురుగు తిత్తులే అయి ఉండాలని పరాన్నజీవుల చరిత్రను రాసినవారు చాలామంది భావించారు. మాకు మాత్రం ఆ వాక్యంలోని తర్కమే ముఖ్యం: దైవం, గాలి, తిరుగుడు అన్న పేర్లను పక్కనపెట్టి తలలో ఏముందో చూడమని అది చెబుతోంది.

పరీక్షలో తేలినది

మేక ఉష్ణోగ్రత 102.6 డిగ్రీల ఫారెన్‌హీట్; అంటే జ్వరం లేదు. నెమరు వేస్తోంది, ముందు పెట్టిన ఆకును తింటోంది. వదిలేస్తే ఎడమ వైపుకు పెద్ద వలయాలుగా తిరుగుతోంది. తల ఎడమకు మళ్లి ఉంది. కంటి ముందు చేతిని హఠాత్తుగా ఆడించినప్పుడు ఎడమ కన్ను ఆర్పింది, కుడి కన్ను ఆర్పలేదు. టార్చి వెలుగుకు మాత్రం రెండు కంటిపాపలూ మామూలుగానే ముడుచుకున్నాయి. కుడి ముందు కాలి గిట్టను వెనక్కి మడిచి నేల మీద ఉంచితే దాన్ని సరిచేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎడమ కాలితో అలా జరగలేదు. చెవులు సమానంగా ఉన్నాయి, పెదవి వేలాడడం లేదు, చొంగ కారడం లేదు, ముక్కు శుభ్రంగా ఉంది. ఎడమ కొమ్ము మొదలుకు వెనక, తల నడిరేఖకు కొంచెం ఎడంగా, బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు రెండు సెంటీమీటర్ల మేర ఎముక మెత్తగా లోపలికి దిగింది. అక్కడ నొక్కగానే మేక తల విదిల్చింది.

ఈ లక్షణాలన్నీ ఒకే చోటును చూపుతున్నాయి. ముందు మెదడులో ఒక పక్క బరువు పడినప్పుడు జీవం సాధారణంగా ఆ పక్కకే తిరుగుతుంది. కంటి నుంచి వచ్చే నరాల్లో అధిక భాగం అవతలి పక్కకు దాటిపోతాయి గనుక చూపు పోయేది అవతలి కంటికి. కాళ్ల స్పృహ తగ్గేదీ అవతలి పక్కనే. కంటిపాప వెలుగుకు ముడుచుకుంటూ ఉండీ చూపు లేదంటే లోపం కంటిలో కాదు, మెదడు పైపొరలో ఉందని అర్థం. తిరిగే దిశ ఒక్కదాన్నే పట్టుకుని ఏ వైపు కోయాలో తేల్చుకోవడం ప్రమాదకరం. లోతుగా ఉన్న తిత్తుల విషయంలోనూ, ఒకటికంటే ఎక్కువ తిత్తులున్నప్పుడూ అది తప్పుదారి పట్టిస్తుంది. చూపు, కాళ్లు, ఎముక మెత్తదనం కూడా అదే పక్కను సూచించినప్పుడే కత్తి పట్టాలి.

తిరుగుడుకు దారితీసే మిగతా కారణాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాం. లిస్టీరియోసిస్‌లో జ్వరం ఉంటుంది, ముఖంలో ఒక పక్క పక్షవాతం వచ్చి చెవి వాలుతుంది, పెదవి జారుతుంది, మేత బుగ్గలోనే నిలిచిపోతుంది. మేకల్లో ఆ జబ్బు కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది, మూడు వారాలు సాగదు. థయామిన్ లోపంలో రెండు కళ్లూ ఒకేసారి పోతాయి, తల వెనక్కి విరుచుకుపోతుంది, సరైన మోతాదులో మందు అందితే ఒకటి రెండు రోజుల్లో తేడా కనిపిస్తుంది. ముక్కు ఈగ పురుగులున్న జీవం తుమ్ముతుంది, చీమిడి కారుతుంది. దాన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో ‘దొంగ గిడ్’ అని కూడా పిలుస్తారు, లక్షణానికి పెట్టిన పేరు ఎంత వదులుగా ఉంటుందో దాంతోనే తెలుస్తుంది. రక్తంలో పరాన్నజీవి చేరే సర్రా జబ్బు కోసం రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూశాం, ఏమీ లేదు. కుక్క కాటు గురించి అడిగి, ఏదీ లేదని తెలిసినా, రేబిస్‌ను దృష్టిలో పెట్టుకుని మొదటి నుంచీ చేతి తొడుగులతోనే పరీక్షించాం. నరాల లక్షణాలున్న ఏ మేక విషయంలోనైనా ఈ జాగ్రత్త తప్పనిసరి.

అసలు రోగానికి చెందిన ఒక దశను ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ దశలో తిరుగుడే ఉండదు. కుక్క మలంతో బయటికి వచ్చిన గుడ్లను మేక మేతతో పాటు మింగినప్పుడు, పేగులో గుడ్డు విచ్చుకుని బయటపడిన సూక్ష్మమైన పిండం పేగు గోడను తొలుచుకుని రక్తంలో చేరుతుంది. మెదడుకు చేరినవి కొన్ని రోజుల పాటు మెదడు కణజాలంలో దారులు చేసుకుంటూ కదులుతాయి. ఒకేసారి ఎక్కువ గుడ్లు మింగిన లేత పిల్లలు ఆ దశలోనే జ్వరంతో, వణుకుతో, మెదడువాపుతో చనిపోవచ్చు. బతికినవాటిలో ఆ పిండం ఒకచోట స్థిరపడి, నెలల తరబడి నెమ్మదిగా నీటితిత్తిగా పెరుగుతుంది. పూర్తిగా పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది, లక్షణాలు అంతకు ముందే మొదలు కావచ్చు. మా మేకకు వానాకాలం మొదట్లో, చెమ్మ ఉన్న బీళ్లలో మేసేటప్పుడు ఈ గుడ్లు అంటుకుని ఉండవచ్చు. మన ఎండాకాలపు వేడికీ, ఎండుదనానికీ ఆ గుడ్లు ఎక్కువ కాలం నిలవవు.

శస్త్రచికిత్స

కాపరికి రెండు మార్గాలు వివరించాం. బద్దెపురుగులను చంపే ప్రాజిక్వాంటెల్‌ను పెద్ద మోతాదులో వరసగా కొన్ని రోజులు ఇస్తే తిత్తిలోని జీవం చచ్చే అవకాశం ఉంది. కానీ ముదిరిన పెద్ద తిత్తి మెదడులోనే చచ్చి కుళ్లితే చుట్టూ వచ్చే వాపు దానికదే ప్రాణాంతకం కావచ్చు, పైగా ఎముకను అరగదీసేంత బరువు వెంటనే తగ్గదు. రెండోది తిత్తిని బయటికి తీయడం. కసాయికి అమ్మేయడమన్న మూడో మార్గం ఆయనకు మేం చెప్పకుండానే తెలుసు, చాలా మందల్లో జరిగేది అదే. ఈ మేక మంచి పాలమేక సంతానమని, కోత ఖర్చు పెద్దగా లేదని తెలిశాక ఆయన శస్త్రచికిత్సకే ఒప్పుకున్నాడు.

ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపించాం. వాపు తగ్గించే డెక్సామెథసోన్, యాంటీబయాటిక్ ముందే ఇచ్చాం. మేకలు మత్తుమందు జైలజిన్‌కు చాలా సున్నితం, కిలోకు 0.05 మిల్లీగ్రాముల లెక్కన ఈ మేకకు కావలసింది 0.9 మిల్లీగ్రాములు మాత్రమే. పశువుల కోసం అమ్మే సీసాలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, నేరుగా సిరంజిలోకి తీసుకుంటే కొలవడమే కష్టం. దాన్ని పది రెట్లు పలచన చేసి 0.45 మిల్లీలీటరు ఇచ్చాం. కోత చోటును తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త: కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్కతో, రెండు శాతం మందును ఒక శాతానికి పలచన చేసి, మొత్తం తొమ్మిది మిల్లీలీటర్లకు మించకుండా కోత చుట్టూ ఎక్కించాం. మేక మెదడు ఆపరేషన్లలో మత్తు వల్ల పోయే ప్రాణాలు కత్తి వల్ల పోయే వాటికంటే తక్కువేమీ కాదని నా అనుభవం. మేకను రొమ్ము మీద కూర్చోబెట్టి, మెడ కింద ఎత్తు పెట్టి, నోరు కిందికి ఉండేలా తలను అమర్చాం. పొట్టలోని ద్రవం నోట్లోకి వచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉండడానికి ఇది అవసరం.

మెత్తని చోటు మీద చర్మాన్ని అర్ధచంద్రాకారంలో కోసి పైకి మడిచాం. ఎముక కాగితంలా పలచబడి ఉండడంతో ఎముకకు రంధ్రం చేసే పరికరం (ట్రెఫైన్) అవసరం రాలేదు. కత్తి మొనతోనే ఒకటిన్నర సెంటీమీటర్ల రంధ్రం చేయగలిగాం. తల నడిరేఖ కింద పెద్ద సిర ఉంటుంది గనుక కోతను దానికి కనీసం ఒక సెంటీమీటరు దూరంగా ఉంచాలి. కొమ్ముల ముందుకు వెళితే గాలి గది తెరుచుకుంటుంది, అందువల్ల కొమ్ముకు వెనకే ఉండాలి. మెదడు మీది గట్టి పొరను కూడిక గుర్తు ఆకారంలో కోయగానే దాని కింద పలచని మెదడు పొర, ఆ వెంటనే మెరిసే తిత్తి గోడ బయటికి ఉబికి వచ్చాయి. 16 గేజి క్యాన్యులా పెట్టి సిరంజితో లాగితే దాదాపు 30 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన, రంగులేని నీరు వచ్చింది. ముడతపడిన గోడను ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టుకుని, మేక తలను రంధ్రం కిందికి వచ్చేలా వంచి, మెల్లగా మెలిపెడుతూ లాగితే తిత్తి మొత్తం ఒకే ముక్కగా బయటపడింది.

ఒకే ముక్కగా రావడం ఎందుకు ముఖ్యమో ఆ తిత్తిని నీళ్లలో పరిచి చూస్తే అర్థమవుతుంది. పారదర్శకమైన పొర లోపలి వైపున, బియ్యపు నూకలు చల్లినట్టుగా తెల్లని చుక్కలు గుంపులు గుంపులుగా అంటుకుని ఉన్నాయి. అందులో ఒకదాన్ని రెండు గాజు పలకల మధ్య నొక్కి సూక్ష్మదర్శిని కింద పెడితే నాలుగు చూషకాలు, వాటి మధ్య రెండు వరసల కొక్కేలు స్పష్టంగా కనిపించాయి. అంటే ప్రతి చుక్కా ఒక బద్దెపురుగు తల. ఒక తిత్తిలో అలాంటి తలలు వందల్లో ఉంటాయి. రోగం పేరును నిర్ధారించిన క్షణం ఇదే. అంతవరకూ మా దగ్గర ఉన్నది బలమైన అనుమానం మాత్రమే.

తలలు అనేకం, తోక ఒకటి

‘సీన్యూరస్’ అన్న శాస్త్రీయ నామం గ్రీకులో ‘కోయ్‌నోస్’, ‘ఊరా’ అన్న రెండు మాటల కలయిక. మొదటిదానికి ఉమ్మడి అని, రెండోదానికి తోక అని అర్థం. అనేక తలలకు ఉమ్మడిగా ఉన్న ఒకే తోక. 1808లో ఈ పేరు పెట్టిన రుడాల్ఫీ కాలానికి, నీటితిత్తి పురుగు శరీరపు తోక భాగమేనని ప్రకృతి శాస్త్రజ్ఞులు భావించేవారు. అంతకు కొన్నేళ్ల ముందు, 1800లో, జేడర్ పందులు మొదలైన వాటి కండలో ఉండే ఒంటి తల తిత్తులకు ‘సిస్టిసెర్కస్’ అని పేరు పెట్టాడు. తిత్తి, తోక అన్న గ్రీకు మాటలతో చేసిన ఆ పేరు కూడా అదే ఊహ మీద నిలబడింది. తిత్తి తోక కాదని తర్వాత తేలింది, అయినా రెండు పేర్ల మధ్య తేడా మాత్రం నేటికీ కచ్చితంగా పనికొస్తుంది: సిస్టిసెర్కస్‌లో తిత్తికి ఒక తల, సీన్యూరస్‌లో తిత్తికి అనేక తలలు. హైడాటిడ్ అనే మూడో పేరు గ్రీకులో నీటిని సూచించే మాట నుంచి వచ్చింది. ఒకప్పుడు అన్ని రకాల నీటితిత్తులకూ వాడిన ఆ పేరు క్రమంగా కాలేయం, ఊపిరితిత్తుల్లో పెరిగే, ఎకినోకాకస్ అనే మరో బద్దెపురుగు తిత్తికే పరిమితమైంది.

పంది మాంసంలోని తిత్తులను అరిస్టాటిల్ కాలపు గ్రీకులు వడగళ్లు అన్న అర్థమిచ్చే మాటతో పిలిచారు. మాంసంలో కనిపించే తెల్లని గింజలకు అది సరైన వర్ణనే. ఇంగ్లీషు కసాయిలు అలాంటి మాంసాన్ని ‘మీజ్లీ’ అన్నారు. కుష్ఠురోగిని సూచించే పాత మాట ‘మెజెల్’ ప్రభావం దాని మీద ఉందని నిఘంటువులు చెబుతాయి. ఇవి కూడా చూపును బట్టి పుట్టిన పేర్లే, కాకపోతే జీవం నడకను కాక కోసిన మాంసాన్ని చూసి పెట్టినవి.

తిత్తి ఒక జీవి అన్న సంగతి తేలడానికే చాలా కాలం పట్టింది. జబ్బుపడిన శరీరమే ఈ నీటిబుడగలను తనలోంచి పుట్టిస్తుందని నమ్మిన రోజుల్లో, 17వ శతాబ్దం చివర్లో, ఇంగ్లండులో టైసన్, జర్మనీలో హార్ట్‌మన్ వంటివారు అవి జంతువులేనని వాదించారు. 1780లో లెస్కే గొర్రె మెదడులోని తిత్తి బద్దెపురుగుకు సంబంధించినదని గుర్తించి, దానికి అనేక తలలు అని అర్థమిచ్చే లాటిన్ మాటతో ‘టీనియా మల్టిసెప్స్’ అని పేరు పెట్టాడు. కుక్క పేగులోని పెద్ద పురుగుకు నేటికీ అదే పేరు. టీనియా అంటే గ్రీకులో పట్టీ లేదా రిబ్బను. మన బద్దెపురుగులోని బద్దె కూడా పలచని పట్టీయే. అయితే మెదడులోని తిత్తికీ, కుక్క పేగులోని పట్టీకీ ఉన్న సంబంధాన్ని ప్రయోగంతో చూపినవాడు జర్మనీలోని జిట్టావ్‌లో వైద్యుడుగా ఉన్న కూకెన్‌మైస్టర్. కుందేళ్ల తిత్తులను నక్కలకు తినిపించి వాటి పేగుల్లో బద్దెపురుగులను చూసిన ఆయన, 1850ల తొలినాళ్లలోనే గొర్రె మెదడు తిత్తిని కుక్కకు పెట్టి బద్దెపురుగులను రాబట్టాడు, ఆ పురుగు గుడ్లను గొర్రెకు పెట్టి తిరుగుడు రోగాన్ని పుట్టించాడు. నేడు నివారణ పేరిట మేం చేసే ప్రతి పనికీ ఆ రెండు ప్రయోగాలే పునాది.

భారతదేశానికి ఈ పేర్ల చరిత్రలో ఒక చిన్న స్థానం ఉంది. మేకల్లో ఈ తిత్తులు మెదడులోనే కాక చర్మం కింద, తొడ, మెడ కండరాల్లో కూడా పెరుగుతాయి. ఇక్కడ పనిచేసిన గైగర్ అనే బ్రిటిష్ పశువైద్యుడు మన మేకల్లో వాటిని వివరించాడు. ఆయన పేరు మీదుగా 1916లో హాల్ ఆ పురుగును వేరే జాతిగా భావించి ‘గైగెరి’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని టీనియా మల్టిసెప్స్‌లోనే కలిపేస్తున్నారు. కాబట్టి మేక తొడ మీద నొప్పిలేని మెత్తటి వాపు కనిపిస్తే దాన్ని చీముగడ్డ అనుకుని కోసేముందు సూదితో లాగి చూడాలి. స్వచ్ఛమైన నీరు వస్తే అది ఇదే పురుగు కావచ్చు. మా మేక శరీరమంతా తడిమి చూశాం, అలాంటిదేమీ దొరకలేదు.

కోలుకోవడం, మందలోని రెండో కేసు

రంధ్రం మీద ఎముక లేకుండానే చర్మాన్ని కుట్టాం. డెక్సామెథసోన్‌ను మూడు రోజుల్లో తగ్గిస్తూ ఆపాం. దానితో కలిపి నొప్పి మందు మెలాక్సికామ్ ఇవ్వలేదు, రెండూ కలిస్తే మేక పొట్టలో పుండ్లు పడే ప్రమాదం ఉంటుంది. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిసిన సూదిని ఐదు రోజులు, టెటనస్ టీకాను ఒకసారి ఇచ్చాం. కొందరు ఆపరేషన్ తర్వాత అల్బెండజోల్ కూడా ఇస్తారు. కంటికి కనిపించని మరో తిత్తి ఉంటే అది మెదడులో చచ్చి వాపు తేవచ్చునన్న ఉద్దేశంతో నేను ఇవ్వను. మేక అదే సాయంత్రం లేచి నిలబడింది. తిరగడం రెండు రోజుల్లో సగానికి తగ్గి, వారంలో ఆగిపోయింది. కుడి కన్ను చూపు మాత్రం నెమ్మదిగా తిరిగొచ్చింది. కుట్లు విప్పే నాటికి చేతి కదలికకు కన్ను ఆర్పుతోంది గానీ, ఎడమ కంటంత చురుకుగా లేదు.

అదే మందలో ఒక గొర్రె కొన్నాళ్లుగా కాళ్లు ఎడంగా పెట్టి, తూలుతూ, ప్రతి అడుగునూ అవసరానికి మించి ఎత్తి వేస్తోందని కాపరి ఈ సందర్భంలోనే చెప్పాడు. అది ఒక్కసారి కూడా గుండ్రంగా తిరగలేదు, అందుకే ఆయన దాన్ని వేరే జబ్బు అనుకున్నాడు. పరీక్షలో తల సన్నగా వణకడం, మేతను అందుకోబోయి గురి తప్పడం కనిపించాయి. ఇవి చిన్న మెదడుకు చెందిన లక్షణాలు. ఆ చోట శస్త్రచికిత్స కష్టమనీ, బతికే అవకాశం తక్కువనీ చెప్పడంతో ఆయన దాన్ని కోయించాడు. తలను మాకు తెచ్చి ఇవ్వమని అడిగి విప్పి చూస్తే చిన్న మెదడుకు ఒక పక్క అదే రకం తిత్తి ఉంది. తిరగని గొర్రెకు ‘తిరుగుడు రోగం’ అన్న పేరు ఎలా సరిపోతుందని కాపరి అడిగాడు. ఆ ప్రశ్న ఆయన కంటే మా కేస్‌షీట్లకే ఎక్కువ వర్తిస్తుంది. అప్పటి నుంచి మా రిజిస్టరులో “గిడ్” అని రాయడం మానేశాం. మొదటి నమోదులో లక్షణాన్ని, అనుమానిస్తున్న చోటును రాసి, తలలు కనిపించాకే “సీన్యూరస్” అని చేరుస్తున్నాం.

కుక్కలు

మందకు కాపలాగా రెండు కుక్కలున్నాయి. ఒకదాని మలంలో తెల్లని బద్దెపురుగు ముక్కలు కంటికే కనిపించాయి, సూక్ష్మదర్శినిలో గుండ్రని గీతల గోడ ఉన్న గుడ్లు దొరికాయి. ఆ గుడ్లను చూసి పురుగు ఏ జాతిదో చెప్పడం సాధ్యం కాదు. మనిషిలో హైడాటిడ్‌కు కారణమయ్యే ఎకినోకాకస్ గుడ్లు కూడా అచ్చం అలాగే ఉంటాయి. అందుకే వాటన్నింటినీ మనిషికి ప్రమాదకరమైనవిగానే భావించి, మలాన్ని కాల్చి, చేతులు కడుక్కోమని చెప్పాం. రెండు కుక్కలకూ కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన ప్రాజిక్వాంటెల్ ఇచ్చాం. తిత్తిని తిన్న కుక్కలో పురుగు ఎదిగి గుడ్లు వదలడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది కాబట్టి, అంతకు ముందే మళ్లీ మందు పడితే పేగులోని పురుగు గుడ్లు వదిలే దశకు చేరదు.

కాపరి ఇంట్లో ఆడవాళ్లు మరో సందేహం అడిగారు: తలకాయ కూర తింటే ఈ రోగం మనుషులకు వస్తుందా? తిత్తిని తింటే మనిషికి రాదు; సీన్యూరస్‌కు ఆ తర్వాతి మజిలీ కుక్క. మనిషికి అరుదుగానైనా వచ్చేది కుక్క మలంలోని గుడ్లు చేతుల ద్వారా, పచ్చి కూరల ద్వారా నోట్లోకి వెళ్లినప్పుడే. పంది మాంసంలోని టీనియా సోలియం సంగతి వేరు: దాని పెద్ద పురుగు మనిషి పేగులోనే ఉంటుంది, దాని గుడ్లే మనిషి మెదడులో సిస్టిసెర్కస్‌లుగా మారి మూర్ఛ తెస్తాయి. ఊళ్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ఆ సందేహం పుట్టింది.

అసలు సమస్య కూరకు పోయే తలతో లేదు, పారేసే తలతో ఉంది. ఆరోగ్యంగా ఉన్న మేక తలను ఇంట్లో వండుకుంటారు. రోగంతో చచ్చినదాన్ని మాత్రం ఊరి బయట పడేస్తారు, దాన్ని చింపి తినేది మంద కుక్కలూ ఊరకుక్కలూ నక్కలే. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు ఉన్నాయి, దేశంలో మొదటి రెండు స్థానాలూ ఈ రాష్ట్రాలవే. కాబట్టి ఇది ఒక్క ఊరికి పరిమితమైన అలవాటు కాదు. జీవాలకు ఏటా పోసే నట్టల మందు ఈ మెదడు తిత్తి మీద పనిచేయదని, పనిచేయవలసింది కుక్క పేగులో అని కాపరులకు విడమరచి చెప్పాల్సి వచ్చింది. ‘మందు పోయిస్తూనే ఉన్నాం కదా’ అన్నది వారి మొదటి జవాబు.

గొర్రె తలను మా ఎదుటే కాల్పించాం. చచ్చిన జీవాలను లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చడానికి కాపరి ఒప్పుకున్నాడు. కుక్కలను కట్టేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. రాత్రి మంద దగ్గర నక్కలు తిరుగుతాయని, కట్టేసిన కుక్క కాపలాకు పనికిరాదని ఆయన వాదన, అందులో న్యాయం ఉంది. కాబట్టి కుక్కలకు ప్రతిసారీ ఆరు వారాలు నిండకముందే మళ్లీ మందు వేయడమే మిగిలిన మార్గమైంది. రెండో మోతాదు నాటికి ఒక కుక్క మలంలో ముక్కలు కనిపించలేదు; రెండోది ఆ రోజు చేతికి చిక్కకపోవడంతో దాని మాత్రను కాపరి చేతికే ఇచ్చి, రొట్టెముక్కలో పెట్టి మింగించమని చెప్పాం.